బింగమ్టన్‌లో ఒక పంతులు

(కథలు రాయడం నేర్చుకుంటున్నవాళ్ళ కోసం పెట్టిన రెండు రోజుల శిబిరంలో మొదటి రాత్రి 'ది రీరైట్' సినిమా చూపించారు. మర్నాడు ఉదయం చేసిన ప్రసంగానికి ఇది రాతరూపం.)

అందరికీ నమస్కారం. టిఫిన్లు అయ్యాయనుకుంటాను. వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. మైకు తీసేయమన్నాను. ముప్పై మందికి మైకు దేనికి, గొంతు చాలు.

రాత్రి సినిమా అయ్యాక ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, సరదాగానే ఉంది గానీ ఇందులో మనకేముంది?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఇది గొప్ప సినిమాల వరసలో నిలబెట్టే సినిమా కాదు. 2014లో వచ్చింది, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది. అయినా మన శిబిరానికి ఇదే కావాలని నేను పట్టుబట్టాను. ఎందుకు పట్టుబట్టానో చెప్పడానికే ఇప్పుడు నిలబడ్డాను.

రాత్రి ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. కీత్ మైఖేల్స్ అని ఒక హాలీవుడ్ రచయిత. ఆ పాత్ర హ్యూ గ్రాంట్ వేశాడు. ఎప్పుడో ఒక్క సినిమా రాసి ఆస్కార్ అందుకున్నాడు. ఆ తర్వాత రాసింది ఏదీ నిలవలేదు. భార్య విడిపోయింది, కొడుకు మాట్లాడటం మానేశాడు. నిర్మాతల ఆఫీసులకి వెళ్ళి కథ చెప్తుంటే, అతని వయసులో సగం ఉన్నవాళ్ళు వింటున్నట్టు మొహం పెడతారు, వినరు. చేతిలో డబ్బు లేదు. చివరికి అతని ఏజెంటు ఒక ఉద్యోగం చూస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో బింగమ్టన్ అనే ఊళ్ళో, యూనివర్సిటీలో స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పాలి. ఎండ కాసే లాస్ ఏంజెలెస్ నుంచి వానా మబ్బూ వదలని ఊరికి వస్తాడు. ఇష్టమై కాదు, గతిలేక వస్తాడు. రాసే విద్య ఒకరు చెప్తే వచ్చేది కాదని అతని గట్టి నమ్మకం. అలాంటివాడికి ఆ విద్యే చెప్పే పని పడింది. తరగతిలో హోలీ అనే ఆమె ఉంటుంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి, రెండు ఉద్యోగాలు చేస్తూ మళ్ళీ చదువుకి వచ్చిన మనిషి. ఆ పాత్ర మరీసా టోమే వేసింది. మిగతాది మీరు ఊహించగలరు.

ఈ మొదలు మనకి కొత్తదేమీ కాదు. 1955లో వచ్చిన మిస్సమ్మ గుర్తు తెచ్చుకోండి. అక్కడా ఇద్దరికీ పాఠాలు చెప్పాలన్న తపన ఏమీ లేదు, బతకడానికి ఉద్యోగం కావాలి. భార్యాభర్తలైతేనే ఉద్యోగం ఇస్తామన్నారు కాబట్టి పెళ్ళి కాకుండానే మొగుడూ పెళ్ళాల్లా అప్పాపురం బండెక్కారు. ఎన్టీఆర్, సావిత్రి, ఎస్వీ రంగారావు. ఎన్నిసార్లు చూసినా తనివితీరదు. కానీ అక్కడ బడి అనేది ఆ ఇద్దరినీ ఒక ఇంట్లో పెట్టడానికి దొరికిన సాకు మాత్రమే. పిల్లలు పలకా బలపం పట్టుకున్న దృశ్యం మన మనసులో నిలవదు, వెన్నెల్లో పాట నిలుస్తుంది. ది రీరైట్‌లో అలా కాదు. ఇక్కడ ప్రేమకథే కొంచెం పలచన. తరగతి గది చిక్కగా ఉంది. అందుకే నాకు నచ్చింది.

కీత్ తన తరగతికి పిల్లల్ని ఎలా ఎంచుకున్నాడో చూశారుగా. సీట్లు కొన్నే. ఒక్కొక్కరూ తమ స్క్రిప్టు పెట్టి దరఖాస్తు చేసుకున్నారు. అతను స్క్రిప్టులు తెరవడు. కంప్యూటర్లో వాళ్ళ ఫొటోలు చూస్తాడు. అందంగా ఉన్న ఆడపిల్లలకి సీట్లు ఇచ్చేస్తాడు. ఆ తర్వాత మొదటి రోజు తరగతికి వెళ్ళి, ఇంటికి పోయి రాసుకోండి, నెల తర్వాత కలుద్దాం అని పంపేస్తాడు. ఐదు నిమిషాల్లో క్లాసు అయిపోయింది. మీరంతా నవ్వారు. ఆ దృశ్యానికి నేను నవ్వలేకపోయాను. ఎందుకో చెప్తాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తున్నాను. బీఏ రెండో సంవత్సరం అమ్మాయి ఒకరోజు స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రమ్మనే దాకా రాకుండా, ఒక లాంగ్ నోట్‌బుక్కు ఇచ్చింది. కాకీ అట్ట వేసి ఉంది. లేబుల్ మీద పేరు రాయలేదు, 'కథలు' అని మాత్రం రాసింది. "ఖాళీ ఉన్నప్పుడు చూడండి సార్" అంది.

ఆ రోజుల్లో నా పరిస్థితి ఏమిటంటే, రెండేళ్ళు కష్టపడి రాసిన నవలని ఒక వారపత్రిక ఏడు నెలలు దగ్గర పెట్టుకుని తిప్పి పంపింది. కట్టిన దారం కూడా విప్పలేదు. నేను వేసిన ముడి నేను వేసినట్టే తిరిగొచ్చింది. ఆ ముడి చూసిన రోజు నుంచి లోపల ఒక చేదు పట్టుకుంది. నా రాతకి దిక్కు లేదు, ఇంకొకరి రాత నేనెందుకు చదవాలి అనే చేదు. ఆ నోట్‌బుక్కు మూడు వారాలు నా బల్ల సొరుగులో ఉంది. తర్వాత పిలిచి ఇచ్చేశాను. "బాగుందమ్మా. రాస్తూ ఉండు" అన్నాను. ఒక్క పేజీ తిప్పలేదు.

ఆ అమ్మాయి నోట్‌బుక్కు తీసుకుని కదల్లేదు. "మరి ఆమె వెళ్ళిపోవాలా, ఉండాలా సార్?" అంది. నాకు అర్థం కాలేదు. "ఎవరు?" అన్నాను. అప్పుడు ఆ పిల్ల మొహంలో వచ్చిన మార్పు నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు. కోపం కాదు. దీపం చుట్టూ పెట్టిన చెయ్యి తీసేసినట్టు. "ఏం లేదు సార్" అని వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళ స్నేహితురాలు చెప్పింది. ఒక కథ ఆఖర్న సగం పేజీ ఖాళీగా వదిలి, పెన్సిల్‌తో రాసిందట: "ఇక్కడ ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోవాలో, ఉండిపోవాలో నాకు తేలడం లేదు. మీరు చెప్పండి."

వారపత్రిక నాకేం చేసిందో, నేను ఆ పిల్లకి అదే చేశాను. వాళ్ళు కనీసం 'బాగుంది' అని అబద్ధమన్నా చెప్పలేదు.

అందుకే కీత్ ఆ స్క్రిప్టుల కుప్పని పక్కకి నెట్టేస్తుంటే నాకు నవ్వు రాలేదు. ఈ సినిమా గురించి రాసినవాళ్ళు చాలామంది, కీత్‌ని మార్చింది హోలీ ప్రేమ అన్నారు. నాకలా అనిపించదు. హోలీ అతన్ని కసురుకుంటుంది, నిలదీస్తుంది, ఆ మాట నిజమే. కానీ కీత్ మారడం మొదలైన చోటు వేరే ఉంది. పై అధికారి గట్టిగా చెప్పాక, వేరే దారి లేక, ఒక సాయంత్రం కూర్చుని పిల్లల స్క్రిప్టులు చదవడం మొదలుపెడతాడు చూడండి, అక్కడ. చాలా ఏళ్ళుగా అతను తన గురించి తప్ప దేన్నీ చదవలేదు. ఇతరుల పేజీ మీద కళ్ళు పెట్టిన మొదటి రాత్రి అది. ఒక కుర్రాడికి స్టార్ వార్స్ తప్ప వేరే లోకం లేదు, ఇంకో అమ్మాయికి ఇంకో పిచ్చి. వాళ్ళ రాతల్లో లోపాలు కనిపిస్తాయి. లోపం కనిపించిందంటే చదివినట్టే కదా. చదివాక మాట్లాడకుండా ఉండలేడు. మాట్లాడితే అది పాఠం అయి కూర్చుంది. తనకు తెలియకుండానే పంతులయ్యాడు.

రాయడం నేర్పితే వస్తుందా అన్న వాదం సినిమాలో మొదటి నుంచీ నడుస్తుంది. కీత్ రాదంటాడు, హోలీ వస్తుందంటుంది. మనవాళ్ళు ఈ వాదాన్ని వెయ్యేళ్ళ కిందటే చాలా దూరం తీసుకెళ్ళారు. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో, కావ్యం పుట్టడానికి కావలసినవి మూడు చెప్పాడు. ఒకటి శక్తి, అంటే పుట్టుకతో వచ్చే ప్రతిభ. రెండోది లోకాన్నీ శాస్త్రాల్నీ కావ్యాల్నీ పరిశీలించడం వల్ల వచ్చే నేర్పు. మూడోది అభ్యాసం. అభ్యాసం అంటే ఒంటరిగా కూర్చుని గీకడం అనలేదు. 'కావ్యజ్ఞశిక్ష' వల్ల జరిగే అభ్యాసం అన్నాడు. కావ్యం తెలిసినవాడు దగ్గరుండి దిద్దగా చేసే సాధన. ఇంకో చిన్న సంగతి ఉంది, నాకు అదంటే ప్రాణం. మూడు చెప్పి, చివర 'హేతువులు' అనలేదు, 'హేతువు' అని ఏకవచనం పెట్టాడు. మూడూ కలిస్తేనే ఒక్క కారణం అవుతుందని దాని భావం. కాబట్టి కీత్ చెప్పింది మూడింట ఒక వంతు నిజం. పుట్టుకతో రానిదాన్ని ఎవరూ పెట్టలేరు. కానీ వచ్చినదాన్ని చూసి చెప్పే మనిషి లేకపోతే ఆ శక్తి నోట్‌బుక్కులోనే ఉండిపోతుంది, కాకీ అట్ట కింద.

గమనించండి, మమ్మటుడు 'గొప్ప కవి దగ్గర' అనలేదు. 'కావ్యం తెలిసినవాడి దగ్గర' అన్నాడు. ఆస్కార్ వచ్చినవాడే అక్కర్లేదు. చదవగలిగినవాడు చాలు. మన సినిమా రంగంలో కూడా ఇది ఇలాగే జరుగుతోంది. స్క్రీన్‌ప్లే చదువుకి కాలేజీలు లేని రోజుల నుంచీ పెద్ద రచయిత దగ్గర కుర్రాళ్ళు చేరి, సీన్లు రాసి, చింపించుకుని, మళ్ళీ రాసి నేర్చుకుంటున్నారు. త్రివిక్రమ్, కొరటాల శివ మొదట పోసాని కృష్ణమురళి దగ్గర పనిచేసినవాళ్ళే. ఆ గదుల్లో ఎవరూ దాన్ని తరగతి అనుకోరు. కానీ జరిగేది కావ్యజ్ఞశిక్షే.

ఇప్పుడు ఆ డిపార్ట్‌మెంట్ హెడ్డు సంగతి. డాక్టర్ లెర్నర్. ఒకప్పుడు సైన్యంలో మెరీన్‌గా పనిచేసిన మనిషి, భార్యా కూతుళ్ళ పేరెత్తితే చాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆ పాత్ర వేసినాయన జె.కె. సిమన్స్. సరిగ్గా అదే ఏడాది, 2014లో, ఆయన ఇంకో పంతులు వేషం కూడా వేశాడు. విప్లాష్ అనే సినిమాలో సంగీతం మాస్టారు. ఆ మాస్టారు శిష్యుడి మీదికి కుర్చీ విసురుతాడు, చెంప మీద కొడుతూ తాళం నేర్పిస్తాడు. ఆ వేషానికి సిమన్స్‌కి ఆస్కార్ వచ్చింది. లెర్నర్ వేషాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మీరు రెండూ ఒకదాని వెంట ఒకటి చూడండి. ఒకే మనిషి, ఒకే గొంతు, ఒకే గుండు. ఒకడు పిల్లల్ని నలిపేస్తాడు, ఒకడు పిల్లల్ని తలుచుకుని కరిగిపోతాడు.

విప్లాష్ మాస్టారు నమ్మేదేమిటంటే, 'బాగుంది' అనే మాట కంటే శిష్యుడికి చేటు చేసేది లేదని. ఆ సినిమా చూసినప్పుడు నేను చాలా రోజులు కలవరపడ్డాను. ఎందుకంటే నేను ఆ అమ్మాయితో అన్నది ఆ మాటే. ఆ మాస్టారు క్రూరుడు, కానీ చెవులు మూసుకోలేదు. వాయించే కుర్రాడు వెంట్రుకవాసి తాళం తప్పినా పట్టేస్తాడు. నేను మంచిగా మాట్లాడాను, కానీ వినలేదు. మరి ఎవరు ఎక్కువ హాని చేసినట్టు? ఈ ప్రశ్నకి నాకు విప్లాష్‌లో జవాబు దొరకలేదు. ది రీరైట్‌లో దొరికింది. మొత్తం చదివి, ఆ తర్వాత కూడా కుర్చీ విసరకుండా మాట్లాడవచ్చు. ఇంత చిన్న సంగతి, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఊరి గురించి కాసేపు చెప్పనివ్వండి. బింగమ్టన్‌ని దర్శకుడు ఏదో మ్యాపులో వేలు పెట్టి ఎంచుకోలేదు. మార్క్ లారెన్స్ చదువుకున్నది అక్కడి యూనివర్సిటీలోనే. మన పిల్లలు కూడా ఎమ్మెస్ చదవడానికి ఆ ఊరు వెళ్తుంటారు. మీ ఇళ్ళల్లోనో మీ వీధిలోనో అక్కడ చదివినవాళ్ళు ఉంటే అడగండి, ముందు మబ్బు గురించి చెప్తారు, తర్వాత రంగులరాట్నాల గురించి చెప్తారు. జార్జ్ ఎఫ్. జాన్సన్ అనే చెప్పుల ఫ్యాక్టరీ యజమాని, చిన్నప్పుడు బీదరికంలో పెరిగినవాడు, ఆ చుట్టుపక్కల ఊళ్ళకి ఆరు రంగులరాట్నాలు కట్టించి ఇచ్చాడు. చెక్క గుర్రాలు గుండ్రంగా తిరిగే రాట్నాలు. ఇచ్చేటప్పుడు షరతు పెట్టాడు: పిల్లల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ ఆరూ ఇవాళ్టికీ ఉన్నాయి, ఇవాళ్టికీ ఉచితమే.

వాటిలో ఒకటి రిక్రియేషన్ పార్కులో ఉంది. ఆ పార్కులో ఆడుకుంటూ పెరిగిన కుర్రాడి పేరు రాడ్ సర్లింగ్. తర్వాత అతను అమెరికా టీవీలో 'ది ట్విలైట్ జోన్' అనే సీరియల్‌కి ప్రాణం పోశాడు. 1959లో, మొదటి ఏడాదిలోనే, 'వాకింగ్ డిస్టెన్స్' అని ఒక ఎపిసోడ్ రాశాడు. ఊపిరాడని ఉద్యోగంతో విసిగిపోయిన ఒక పెద్దమనిషి, కారు బాగుచేయించుకుంటూ, పక్కనే ఉన్న సొంత ఊరికి నడిచి వెళ్తాడు. వెళ్ళి చూస్తే ఊరు తన చిన్నప్పటి ఊరే. అమ్మా నాన్నా బతికే ఉన్నారు. పదకొండేళ్ళ తానే రంగులరాట్నం మీద తిరుగుతున్నాడు. ఉండిపోవాలనుకుంటాడు. తండ్రే నచ్చజెప్పి వెనక్కి పంపిస్తాడు. ఈ సినిమాలో కీత్, హోలీ ఆ రాట్నం దగ్గరికి వెళ్ళడం, సర్లింగ్ మాట రావడం మీరు చూశారు. తెలియనివాళ్ళకి అది అందమైన లొకేషన్. తెలిసినవాళ్ళకి గుండె పట్టేసే చోటు. కీత్ కూడా పాత ఆస్కార్ రోజు దగ్గరే ఉండిపోయిన మనిషి కదా.

సర్లింగ్ గురించి ఇంకొక్క ముక్క. బింగమ్టన్ బడిలో అతనికి హెలెన్ ఫోలీ అనే టీచరు ఉండేది. అతన్ని రాయమని, మాట్లాడమని ప్రోత్సహించిన మనిషి. 1960లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో అతను ఒక బడి పంతులమ్మ పాత్ర రాసి, ఆ పాత్రకి హెలెన్ ఫోలీ అని పేరు పెట్టాడు. ఇవాళ ఆ ఊరి హైస్కూల్లో నాటకశాలకి కూడా ఆమె పేరే. అంతా అయ్యాక సర్లింగ్ ఏం చేశాడో తెలుసా? పేరొచ్చి, డబ్బొచ్చి, అవార్డులన్నీ వచ్చాక, బింగమ్టన్‌కి గంట దూరంలో ఉన్న ఇతాకా కాలేజీలో పాఠాలు చెప్పాడు. 1960ల చివరి నుంచి 1975లో పోయేదాకా చెప్పాడు. పోయేనాటికి యాభై ఏళ్ళు. కాబట్టి రచయిత పంతులు కావడం అనే కథ ఆ ఊరి గాలిలో ముందే ఉంది. లారెన్స్ దాన్ని కొత్తగా పుట్టించలేదు.

సినిమాలో నాకు మింగుడుపడని సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీ దగ్గర దాచినట్టవుతుంది. బింగమ్టన్ వచ్చిన మొదటి రాత్రే కీత్ ఒక విద్యార్థినితో సంబంధం పెట్టుకుంటాడు. కేరెన్ అనే అమ్మాయి. ఆ అమ్మాయి అతని తరగతిలోనే చేరుతుంది. సినిమా దీన్ని తప్పు అంటుంది గానీ, తప్పు బరువు మోయదు. అతని ఉద్యోగం పోతుందా అన్నదే ఆందోళన. ఆ అమ్మాయికేమవుతుంది అన్నది పక్కకి పోయింది. మార్కులు వేసే చెయ్యీ, చెయ్యి పట్టుకునే చెయ్యీ ఒకటే అయినప్పుడు ఆ అమ్మాయి 'కాదు' అనగలదా? ఇరవై ఏళ్ళ పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి, నేను దీన్ని నవ్వుతో దాటవేయలేను. హోలీ వయసులో పెద్దది కావచ్చు, ఆమె కూడా అతని విద్యార్థినే. మన సుందరకాండలో, 1992లో, స్టూడెంటు లెక్చరర్ వెంకటేష్ వెంట పడుతుంది, ఆయన వారిస్తూ ఉంటాడు. అక్కడ గీత ఎక్కడుందో కథకి తెలుసు. ఇక్కడ గీత కొంచెం చెరిగింది. హాస్యం రాసేటప్పుడు ఎవరి బాధని పక్కన పెడుతున్నామో మీరు చూసుకోండి.

ఆ కేరెన్ గొడవని పట్టుకునేది మేరీ వెల్డన్ అనే ప్రొఫెసర్, జేన్ ఆస్టెన్ నవలల్లో నిపుణురాలు. మొదటి పార్టీలోనే కీత్ తాగి ఆస్టెన్‌ని చులకన చేస్తాడు. ఇదే హ్యూ గ్రాంట్ 1995లో ఆస్టెన్ నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' సినిమాలో ఎడ్వర్డ్ ఫెరార్స్‌గా చేశాడు. మీకు దగ్గర చేసి చెప్పాలంటే, 'ప్రియురాలు పిలిచింది' సినిమాకి మూలం ఆ నవలే. చదవకుండానే ఒక రచయిత్రిని తీసిపారేయడం కీత్‌కి ఉన్న అదే రోగం. స్క్రిప్టు తెరవకుండా ఫొటో చూసినట్టే, నవల తెరవకుండా పేరు చూసి మాట్లాడాడు. రోగం ఒకటే కాబట్టి ఈ రెండు సన్నివేశాల్నీ రచయిత ఒకదానికొకటి దగ్గరగా పెట్టాడని నాకు అనిపిస్తుంది.

ఇక కొడుకు విషయం. కీత్‌కి కొడుకుతో మాటల్లేవు. ఒకప్పుడు ఆస్కార్ తెచ్చిన ఆ కథ కూడా కొడుకు కోసం పుట్టిందే. పిల్లల రాతలు చదవడం అలవాటయ్యాక గానీ అతనికి కొడుకుతో మాట్లాడే దారి కనపడదు. ఈ సినిమాకి సంగీతం ఇచ్చినవాళ్ళలో ఒకడు క్లైడ్ లారెన్స్, దర్శకుడి కొడుకు. తండ్రీ కొడుకులు దూరమైన కథకి ఒక తండ్రీ కొడుకూ కలిసి పనిచేశారు. తెర మీద ఎక్కడా ఆ మాట చెప్పరు. నాకు మాత్రం ఆ పాటలు వింటున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

తర్వాత కీత్ శిష్యుల్లో ఒకడి స్క్రిప్టు మీద హాలీవుడ్ కన్ను పడుతుంది. తన రాత కాదు, శిష్యుడి రాత. మొదట్లో ఉన్న కీత్ అయితే కుళ్ళుకునేవాడు. ఇప్పుడు ఆ కుర్రాడి తరఫున పరుగెడతాడు. తనకీ పాత సినిమాకి రెండో భాగం రాయమని పిలుపు వస్తుంది. అదే కదా అతను ఇన్నేళ్ళూ ఎదురుచూసింది! అయినా మబ్బు పట్టిన ఆ ఊరికే తిరిగొస్తాడు. సినిమా అయ్యాక ఒకబ్బాయి, "అంత పెద్ద అవకాశం వదులుకోవడం నమ్మేట్టు లేదు" అన్నాడు. నేను నమ్ముతాను. రెండో భాగం అంటే తను ఎప్పుడో రాసిందాన్నే మళ్ళీ చదువుకోవడం. ఇక్కడైతే ప్రతి ఏడూ పది మంది కొత్తవాళ్ళ పేజీలు.

సినిమా పేరుకి తెలుగు చెప్పమంటే నేను 'తిరగరాత' అంటాను. చేతిరాత బాగుంటే తలరాత బాగుండదని మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు అనేవారు. మనకి రాత అంటే రెండూనూ, కాగితం మీదిదీ, నుదుటి మీదిదీ. అందుకే ఈ పేరు ఇంగ్లీషులో కన్నా తెలుగులోనే బాగా పలుకుతుంది. కానీ మీరు ఈ వారమే నేర్చుకోవలసింది ఇంకా చిన్న పని: చిత్తు రాయడం, సాపు చేయడం. చిత్తుకీ సాపుకీ మధ్య ఇంకో మనిషి కళ్ళు ఒకసారి పడాలి. సాపు చేయడం అంటే అక్షరాలు గుండ్రంగా దిద్దడం కాదు. చదివినవాడు ఎక్కడ ఆగాడో తెలుసుకుని, అక్కడికి తిరిగి వెళ్ళడం.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారని నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక పెళ్ళి చేసుకుని వేరే జిల్లాకి వెళ్ళిపోయింది. రాసిందో లేదో తెలియదు. ఆ కథలో ఆమె వెళ్ళిపోయిందో, ఉండిపోయిందో కూడా తెలియదు. ఆ తర్వాత ఎవరు ఏ కాగితం ఇచ్చినా పెన్సిల్ పట్టుకుని ఆఖరి గీత దాకా చదివి, చదివినట్టు మార్జిన్‌లో ఒక ప్రశ్నన్నా రాసి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. 'బాగుంది' అని మాత్రం రాయను. బాగుంటే ఏ వాక్యం దగ్గర బాగుందో ఆ వాక్యం కింద గీత గీస్తాను.

మీలో పదకొండు మంది రాత్రి నాకు పేజీలు ఇచ్చారు. ఒంటిగంట దాకా కూర్చున్నాను, అన్నీ అయ్యాయి. పేర్లు చదవను, కథల్లోకే వెళ్దాం. మొదటిది అత్తగారి కథ. ఇది రాసినవాళ్ళు ఎవరో వాళ్ళకి తెలుసు. మొదటి మూడు పేజీల్లో ఆ అత్తగారు రోజూ రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ స్టవ్ తడిగుడ్డతో తుడుస్తుంది. మూడుసార్లు రాశారు, మూడుసార్లూ గుడ్డ పిండిన చప్పుడు రాశారు. నాలుగో పేజీలో, కొడుకు ఫోన్ వచ్చిన రాత్రి, ఆమె స్టవ్ తుడవకుండానే పడుకుంటుంది. దాని గురించి కథలో ఇంకొక్క మాట లేదు. ఆ చోట నేను పెన్సిల్ పెట్టి చాలాసేపు ఆగిపోయాను. అది కావాలని వదిలారా, రాయడం మర్చిపోయారా? పేజీలు తీయండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.